ఆటలో ఎర్ర లైటు

2008, శుక్రవారం రాత్రి

తమ్ముడు గేములాడే ల్యాప్‌టాప్ అడిగాడని ఇవాళ ఇక్కడ బహ్రెయిన్‌లో, మనామాలో షాపుకి వెళ్ళాను. అమ్మే అతను మన కరీంనగర్ వాడే. రెండు ల్యాప్‌టాప్‌లు ముందు పెట్టి, రెండింట్లోనూ ఒకే కారు ఆట పెట్టి, నన్నే నడిపి చూడమన్నాడు. మొదటిదానిలో బొమ్మ ఆగి ఆగి కదిలింది. బొమ్మ కోసం గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్న రెండోదానిలో అచ్చం ఇక్కడి రోడ్డే. ఎర్ర లైటు పడగానే బండి ఆపేశాను.

"ఆట గదన్నా, ఆగుడెందుకు? పోనియ్!" అని నవ్వాడు.

ఇన్నేళ్ళుగా కఫీల్ ఇంటి, అంటే నన్ను ఇక్కడికి తెచ్చుకున్న యజమాని ఇంటి, కారు నడిపే చేతులు. వాటంతటవే ఆపేశాయి.

రెండోదే కొన్నాను. తమ్ముడికి నచ్చుతుంది. నాకేమీ అనిపించలేదు. ఆటలో పచ్చ లైటు పడ్డాక కూడా కదల్లేకపోయాను, అదొక్కటే గుర్తుంది. వెనుక సీట్లోంచి "యల్లా" అని తొందరపెట్టి ఎటు పోవాలో చెప్పేవాళ్ళు లేరు.