ఐసు లేకుండా గౌహతి

మైపాడు, జులై 2

నాయనా శివశంకరా,

చెంచమ్మ దీవించి రాయించేది. పెళ్లిచూపుల్లో నువ్వు నాకు నచ్చినావు. నీ గౌహతే నచ్చలా. ఫోనులో మాట గాలికి పోతాది, అందుకే కాగితం. నలభై ఏళ్లు చేపల గంప మోసినదాన్ని, నాకు కిలోమీటర్లు తెలీవు. ఐసు లేకుండా చేప చెడిపోకుండా చేరే ఊరికే మా ఉషను ఇస్తా. తల్లి లేని బిడ్డ. పొద్దున ఏడిస్తే మధ్యాన్నానికి నేనాడ ఉండాల. మీ ఊరు ఎంత దూరమో నిజం రాయి.

ఇట్లు,
చెంచమ్మ వేలిముద్ర

తా.క.: అవ్వ చెప్పింది చెప్పినట్టే రాశాను. నేను అంత సులభంగా ఏడవను. – ఉష

గౌహతి, జులై 11

చెంచమ్మవ్వ గారికి,

శివశంకర్ నమస్కారాలు. చెన్నై నుంచి గౌహతికి ఆకాశంలో సుమారు పంతొమ్మిది వందల కిలోమీటర్లు. విమానంలో రెండుముక్కాలు గంట. అంతే. నేను బ్రహ్మపుత్ర మీద తిరిగే పడవల ఇంజన్లు బాగుచేస్తాను కాబట్టి ఇక్కడ చేపలకూ కొరత లేదు.

మీ విధేయుడు,
శివశంకర్

తా.క.: ఆ రోజు ఉష గారు నన్ను ఒక్కటే అడిగారు, మా ఊళ్లో లైబ్రరీ ఉందా అని. ఉంది. కార్డు తీసుకున్నాను. ఒక అస్సామీ పుస్తకం తెచ్చాను. బొమ్మలు బాగున్నాయి.

మైపాడు, జులై 19

నాయనా,

రెండుముక్కాలు గంటేనా! మా పక్కింటి పేరమ్మ బస్సులో కావలికి పోయొచ్చేదానికి అంతకంటే ఎక్కువ పడతాది. ఇంత దగ్గరుండి పెళ్లిచూపులకు నాలుగు రోజులు సెలవెందుకు పెట్టినావు? ఆదివారం అన్నానికి రా. పన్నెండుకు వడ్డిస్తా, తొమ్మిదికి బయలుదేరు. పోయేటప్పుడు వంజరం చేప ఇస్తా, ఐసు లేకుండా. దిగగానే వండుకొని ఎట్టుండాదో రాయి.

ఎదురుచూస్తా,
చెంచమ్మ

తా.క.: ఉత్తరం ఆదివారంలోగా అందదని చెప్పాను. "ఉత్తరం నడిచిపోతాది, మనిషి ఎగిరొస్తాడు గదా" అంది. – ఉష

గౌహతి, ఆగస్టు 9

అవ్వకు,

ఉత్తరం ఆలస్యంగా అందినా, పోయిన ఆదివారం సరిగ్గా పన్నెండుకు మీ గుమ్మంలో ఉన్నాను. నేను శనివారమే బయలుదేరానని మీకు చెప్పలేదు. ఎగిరేది రెండుముక్కాలు గంటే. మైపాడు బస్సు, నెల్లూరు రైలు, విమానం కోసం రెండు గంటలు కూర్చోవడం, దిగాక మా గదికి ఇంకో గంటన్నర, అన్నీ కలిపితే పదమూడు గంటలు. రాస్తే పిల్లను ఇవ్వరని రాయలేదు.

చేప తాజాగా ఉంది. ఆ ముక్క ఒక్కటే రాసి ఊరుకోవచ్చు. కానీ మీరు చేప పెట్టిచ్చిన డబ్బా అడుగున కరిగిన ఐసు ప్యాకెట్లున్నాయి. ఎవరు పెట్టారో ఊహించగలను. ఆమెను కోప్పడకండి. మీ లెక్కలో మా ఊరు దూరమే.

క్షమించండి,
శివశంకర్

తా.క.: ఉష గారూ, ఐసుకు కృతజ్ఞతలు. లైబ్రరీ కార్డు మాత్రం వాపసు ఇవ్వను.

మైపాడు, ఆగస్టు 18

నాయనా శివశంకరా,

ఉషకేం తెలీదు. ఐసు పెట్టింది నేను. చేప కన్ను చూసి ఎప్పుడు పట్టిందో చెప్పేదాన్ని, మనిషి కన్ను చూసి ఎంతసేపు దారిలో ఉన్నాడో చెప్పలేనా? ఐసు సంగతి దాస్తావో చెప్తావో చూద్దామనుకున్నా. మంచి చేపను చెడగొట్టేదానికి మనసూ రాలా.

చెప్పినావు. పెళ్లి కార్తీకంలో పెట్టుకుందాం. ఉష ఏడిస్తే పదమూడు గంటలు నువ్వు ఊరడించు. అప్పటికి నేనొస్తా.

మీ అవ్వ,
చెంచమ్మ

తా.క.: ఇది రాయించేటప్పుడు అవ్వ మూడుసార్లు కళ్లు తుడుచుకుంది. రాయొద్దంది. చెప్పింది చెప్పినట్టే రాయడం ఇవాళ్టితో మానేశాను. లైబ్రరీ కార్డు ఇంకొకటి తీసుకోండి. – ఉష