మూత కింద ఎనిమిది డెసిబెల్స్

మోరియోకా, 1994 అక్టోబరు 9

ప్రియమైన ఇసామూ,

నలభై ఏళ్ల స్నేహంలో నీకు కోపంగా రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. నిన్న సెందాయ్ నుంచి ఒక రేడియో ఇంజనీరు మా జాజ్ కాఫీ షాపుకి వచ్చాడు. గోడమీద నేను రాసి అంటించిన నియమం తెలుసుగా, రికార్డు తిరుగుతుంటే ఎవరూ మాట్లాడకూడదు. పాపం, మైకు పెట్టి శబ్దం కొలిచి, రికార్డు అయిపోయేదాకా ఆగి నోరు విప్పాడు. "ఏమీ అనుకోకండి. మీ స్పీకర్లలో డ్రమ్ముల ఇత్తడి సింబల్స్ మోత చెవుల్లో గుచ్చుకుంటోంది" అన్నాడు.

నువ్వు కట్టిన క్రాసోవర్ పెట్టె విప్పించాను. లోతు స్వరాలు పెద్ద స్పీకరుకీ, మధ్యవి హార్న్‌కీ, సన్నవి ట్వీటరుకీ పంచే ఆ పెట్టెలో ట్వీటరు నాబ్ ఎనిమిది డెసిబెల్స్ పైకి తిప్పి ఉంది. సర్దుబాటు చెదిరిపోతుంది, ముట్టుకోకని మూతకి సీలు వేసింది నువ్వే. మూడేళ్లుగా జనం ఒక్క కప్పు తాగి లేచిపోతుంటే నా కాలం చెల్లిందనుకున్నాను. నా షాపు మూయించాలనుకున్నావా?

నీవాణ్ణనుకున్న
తెత్సువో


ఒసాకా, అక్టోబరు 15

ప్రియమైన తెత్సువో,

తిప్పింది నేనే. ఏటా డిసెంబరులో సర్దడానికి వచ్చినప్పుడల్లా, సింబల్స్ మూగబోయాయిరా, పెంచు అనేవాడివి. స్వరాల హెచ్చుతగ్గులు దిద్దే ఈక్వలైజరుతో గదిలో ధ్వని లోపాలు సరిచేశాను. అయినా నీకు చాలలేదు. అప్పుడు అర్థమైంది, సన్న శబ్దాలు నీ చెవులకే అందడం లేదని. చెబుదామంటే మీ ఆవిడ సుమియే చెప్పొద్దని బతిమాలింది. నీ మొహంలో సంతోషం కనిపించేదాకా తిప్పాను. తప్పయితే తిట్టు.

ఎప్పటికీ నీ
ఇసాము


మోరియోకా, నవంబరు 2

ఇసామూ,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం సుమియేకి చదివి వినిపించాను. ఆమె లోపలికి వెళ్లి, అప్పట్లో నీకు రాసిన ఉత్తరం చిత్తుప్రతి తెచ్చి నా ముందు పెట్టింది. "ఆయన చెవుల సంగతి నేను చెబితే వినరు అన్నయ్యా. మీరు చెబితే వింటారు, దయచేసి చెప్పండి" అని ఉంది అందులో.

చెవులు పోయాయంటే ఓర్చుకున్నాను. నీ పిరికితనాన్ని ఆమె నెత్తిన రుద్దావే, అక్కడ విరిగింది నా మనసు.

మొన్న నాబ్ వెనక్కి తిప్పేశాను. నాకు సింబల్స్ అసలు వినపడలేదు. మూల బల్ల దగ్గర పోస్టాఫీసు కవామురా గారు మాత్రం రెండో కప్పు తెప్పించుకుని, రికార్డు రెండో వైపు కూడా విన్నారు. సింబల్ ఎప్పుడు మోగిందో ఆయన వేలు కదలడం చూసి తెలుసుకున్నాను. మూడేళ్లు ఇంతమంది నోళ్లు కట్టేసిన నా నియమాన్ని గోడమీద నుంచి చించేశాను.

డిసెంబరులో రా. పెట్టె జోలికి వెళ్లకు. ముందు సుమియేకి క్షమాపణ చెప్పు. తర్వాత నా ఎదురుగా కూర్చుని, అప్పుడు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పు. వినపడకపోతే మళ్లీ అడుగుతాను.

తెత్సువో