గీతకు అడ్డొచ్చిన చుక్క

తమ్ముడూ, నేను కులాసాగానే ఉన్నాను, భయమంతా మీ గురించే. పేపర్లో మా ల్యాబు రిపోర్టు చూసి, "మన ఊరి నీళ్లు మంచివని మా అక్కే తేల్చింది" అని అందరికీ చెప్పుకుంటున్నావట. చెప్పుకోకు. బోర్లన్నిటి అంకెలూ గ్రాఫు మీద పెడితే చుక్కలన్నీ ఒక గీత వెంబడే వచ్చాయి, ఒక్కటి మాత్రం ఎక్కడో పైన నిలబడింది. అది మన పెరటి బోరు. అందులో సీసం ఉంది. నువ్వు మళ్లీ పట్టి పంపిన సీసాలోనూ అంతే. డైరెక్టరు చూసి, "ఒక్క చుక్క కోసం గీతంతా వంకరపోతోందమ్మా, తీసెయ్" అన్నాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు, తనే తీసేశాడు. గీత తిన్నగా వచ్చింది, ఆయనకు ప్రమోషనూ వచ్చింది. అంకెల్లో ఏది పొరపాటో ఏది నిజమో తేల్చడమే జుట్టు నెరిసేదాకా నేను చేసిన పని. అది ఆ ఒక్క చుక్కను కాపాడలేకపోయింది. కవరు కొనకుండా కార్డే రాస్తున్నాను, దారిలో ఎవరు చదివినా చదవనీ.

బోరు మూయించు. కాచి తాగుతున్నాం అనకు, కాచినా సీసం పోదు. నాన్న మోకాలు ఎలా ఉంది? చంటిదాని ఫోటో పంపుతానన్నావు, రాలేదు. దానికి నా ముద్దులు. మరదలు పాలపొడి ఏ నీళ్లతో కలుపుతోందో అడిగి వెంటనే రాయి.

అక్క