మూత మీద బొమ్మ

మార్చి 6, 2011, ఆదివారం

పదో తరగతి అయ్యాక ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. ఏ కష్టమొచ్చినా సరస్వతీదేవి పటం ముందు కూర్చుని చెప్పుకునేదాన్ని. ఈసారి కష్టం ఆవిడకే వచ్చింది. తెచ్చింది మేము. ఏ మొహంతో చెప్పను? అందుకే ఈ కాగితాలు.

కార్ల కంపెనీలో లేఆఫ్ అయ్యాక ఈయన బేస్‌మెంట్‌లో గిటార్ పెడల్స్ తయారుచేస్తున్నారు. చిన్న రేకు డబ్బా. గిటార్ వాయించేవాడు కాలితో నొక్కితే శబ్దం గరగరలాడుతుంది. డిజైన్ ఈయనది, లోపలి బోర్డు మీద తీగలు కరిగించి అతికే సోల్డరింగ్ నాది.

ఇవాళ కొత్త మూతలు ప్రింటై వచ్చాయి. మూత నిండా వీణతో అమ్మవారు. కాలితో నొక్కే బటన్ సరిగ్గా ఆవిడ ఒడిలో.

మార్చి 7

అడిగాను. ఏవండీ, బూటుకాలితో తొక్కేదాని మీద అమ్మవారేమిటండీ అని. పకపకా నవ్వారు. సంగీతానికి ఆవిడ కాక ఇంకెవరే, నీ ఛాదస్తం నువ్వూను, గజ్జెలు కట్టేది కాలికి కాదూ అన్నారు.

గజ్జెల మీద అమ్మవారి మొహం ఉండదు. ఈ మాట ఇప్పుడు తోచింది.

మార్చి 9

సోల్డరింగ్‌కు కూర్చోలేదు.

మార్చి 12, సాయంత్రం

ఈయనే కూర్చున్నారు. అలవాటు లేక బోర్డులన్నీ మాడ్చారు. ఇల్లంతా కమురు వాసన.

గుళ్ళో నా స్నేహితురాలు గిరిజతో చెప్పుకున్నాను. పోనిద్దూ వదినా, తెల్లవాళ్ళకేం తెలుసు, తెలీక తొక్కితే పాపం అంటదు అంది. అన్నయ్యగారికి ఇప్పుడిప్పుడే బిజినెస్ క్లిక్ అవుతోంది, కాస్త సపోర్ట్ చెయ్యి అని కూడా అంది.

వాళ్ళకు తెలీదు. చేసిచ్చే మాకు తెలుసు కదా.

మార్చి 15

ఈయన దిగొచ్చారు. సరే తల్లీ, ఆవిణ్ణి తీసేస్తాను, నువ్వు చెయ్యి వెయ్యకపోతే నా పని సాగదు అన్నారు.

మూతలన్నీ నేనే ముందేసుకుని, ఒక్కొక్కదాన్నీ కళ్ళకద్దుకుని, బొమ్మ చెరిపేశాను. పరమాన్నం వండి నైవేద్యం పెట్టాను. పెళ్ళయ్యాక ఈయన నా మాట వినడం ఇదే మొదలు.

మార్చి 26

మళ్ళీ మూతలు వచ్చాయి. వీణ లేదు. మా పెళ్ళి ఫోటోలోని నా మొహం ఉంది. కింద వకుళ ఫజ్ అని ఇంగ్లీషులో నా పేరు. ఫజ్ అంటే ఆ గరగర. బటన్ నా నుదుటి మీద.

సర్‌ప్రైజ్ అన్నారు. ఏ మొగుడైనా పెళ్ళానికి ఇంత గౌరవం ఇచ్చాడా చెప్పు అన్నారు. నిజంగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కస్టమర్ ఎలా నొక్కుతాడో చూడాలి కదా అని, గరాజ్‌లోకి వెళ్ళి బూట్లు తొడుక్కొచ్చి మరీ నొక్కారు.

నా మొహం మీద కాలేమిటండీ అన్నాను.

నువ్వు అమ్మవారివి కాదుగా అన్నారు.

సౌండ్ బాగుందా అని అడిగారు. బాగుందన్నాను.

ఏప్రిల్ 2

ఆర్డర్లు వస్తున్నాయి. పనిలో కూర్చున్నాను. నా కోసం పని మానేస్తానని ఏ నోటితో అనను?

అమ్మా, నువ్వైతే బయటపడ్డావు. ఈ కాగితాలు నీ పటం వెనక పెడుతున్నాను. దాచు. ఎవరికీ చూపించకు.