మిగిలిన ఆరు పెట్టెలు

అన్నయ్యా,

మంగళవారం నువ్వు కొత్త తేనెటీగల పెట్టెలు తెస్తున్నావని వదిన చెప్పింది. దయచేసి తేవద్దు.

రెండేళ్ల కిందట మన నలభై పెట్టెలకూ నల్లి పట్టినప్పుడు, మందు వేస్తున్నానని నీతో చెప్పాను. వెయ్యలేదు. ఏటేటా మోతాదు పెంచినా, మందుకు తట్టుకున్న నల్లులే మళ్లీ పిల్లల్ని పెడుతున్నాయి. మన ఈగల్లో మాత్రం నల్లిని తట్టుకునేవి ఉండవా అని గుండె రాయి చేసుకుని ఆపేశాను. ముప్ఫై నాలుగు పెట్టెలు పోయాయి. నాన్న స్వయంగా చేసిన పెట్టెలోవి అన్నిటికంటే ముందు పోయాయి. ఆ వారం నీ ఫోను ఎత్తనిది అందుకే.

మిగిలిన ఆరింటినీ రోజూ గమనించాను. ఒక ఈగ వీపు మీది నల్లిని ఇంకో ఈగ పట్టి కాళ్లు కొరికేస్తోంది! ఎవరూ నేర్పింది కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. అది లేనివి చచ్చాయి, ఉన్నవి పిల్లల్ని కన్నాయి. ఆ ఆరు రాణుల సంతతితోనే ఇప్పుడు ఇరవై తొమ్మిది పెట్టెలు నిండాయి.

మొన్న తనిఖీకి వచ్చినాయన మూత తీసి చూశాడు.

“ఏం మందు వాడుతున్నారమ్మా?”

“ఏమీ లేదండీ.”

“మరి నల్లి ఏదీ?”

నువ్వు తెచ్చే పెట్టెల్లోని మగ ఈగలు మన రాణులతో కలిస్తే ఈ గుణం పలచబడిపోతుంది. అబద్ధమాడినందుకు తిట్టు, పడతాను. కానీ ఉత్త చేతులతో రా. వెళ్లేటప్పుడు నువ్వే రెండు పెట్టెలు పట్టుకెళ్లు.

నీ చెల్లి