ముందే తినేసిన ముల్లంగి ముక్క

ఎచిజెన్, 1946 ఫిబ్రవరి

తొమే అక్కా, రైల్లో రెండు రోజులు నిలబడే వచ్చి జెన్ మఠం చేరాను. కులాసాగానే ఉన్నాను, బెంగపడకు. ఇక్కడి గంజిలో పైకప్పు కనిపిస్తుంది, అంత పలచన! తిన్నాక గిన్నెలో వేడినీళ్లు పోసి, దాచుకున్న ముల్లంగి ఊరగాయ ముక్కతో తుడిచి, ముక్క తిని నీళ్లు తాగాలి. నిన్న ఆకలికి ఆగలేక ముక్క ముందే నమిలేశాను. భోజనాల దగ్గర మాట్లాడకూడదు. గురువుగారు తన ముక్క సగం కొరికి నా గిన్నెలో వేశారు. బయటికొచ్చాక, "ఏరా గెన్సాకూ, ముల్లంగి ముక్క దగ్గరే నిగ్రహం లేదు, ధ్యానానికి బయల్దేరావా?" అని పగలబడి నవ్వారు.

నువ్వు పెట్టిన ముల్లంగి ఊరగాయ ఓ జాడీ పంపు, సగం ఆయనకి. యుద్ధానికని మంచూరియా వెళ్లిన బావ కబురేమైనా తెలిసిందా? క్షేమంగా తిరిగి రావాలని రోజూ బావ పేర తీసిపెట్టే అన్నం చల్లారగానే నువ్వు తినెయ్. బావే ఉంటే సగం నీ గిన్నెలోనే వేసేవాడు.

నీ తమ్ముడు,
గెన్సాకు