స్టీరింగ్ పైపుకు కట్టిన గోనె

నువైద్రాత్, బహ్రెయిన్
9 ఆగస్టు 1996, శుక్రవారం

అమ్మకు,

ఇవాళ పొద్దున్నే ఒక ఆశ్చర్యం. సెలవు కదా, గ్యారేజీకి ఇంకా ఎవరూ వచ్చి ఉండరనుకుని వెళ్లాను. మా క్యాంపు బస్సు డ్రైవరు భీమన్న అప్పటికే వచ్చి బస్సు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండు వారాలుగా ఆ బస్సు తాళం అతని చేతిలో లేదు. దానికి కారణం నేను. మళ్లీ ఆ తాళం అతనికి వస్తుందో రాదో రేపు పొద్దున తేలుతుంది. అంతా ఈ ఉత్తరంలోనే చెబుతాను, కాస్త ధైర్యం కూడదీసుకోనివ్వు.

ముందు నువ్వు ఎదురుచూసే మాట. నేను కులాసా. చెమటకాయలు తగ్గాయి, అన్నం సయిస్తోంది. అక్కడ నీ మోకాళ్లు, అక్క, దూడ, అందరూ నిమ్మళంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇన్నాళ్లూ బేబి పిన్ని రాసిపెట్టేది. ఈసారి సాయంత్రం బడిలో నేర్చుకున్న అక్షరాలతో నువ్వే రాశావు. ఒక్కో అక్షరం నారు నాటినట్టు ఎడంగా, నిటారుగా నిలబడి ఉంది. నాకూ ఈ మధ్య మాటలంటే పిచ్చి పట్టింది. మా సోమరాజు మేస్త్రీ గారు రోజూ నేర్చుకున్న పని నోటుబుక్కులో రాయమంటారు. పనితో పాటు కొత్త మాటలు కూడా రాసుకుంటున్నాను. భీమన్న ‘జాగ్రత్త’ అనడు, ‘పైలం’ అంటాడు. ఆ మాట వింటే ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టుంటుంది.

పవర్ స్టీరింగ్ అంటే కరెంటా, షాకు కొడుతుందా అని అడిగావు. కొట్టదమ్మా. నువ్వు నిండు బిందె ఎత్తుకునేటప్పుడు బేబి పిన్ని కింద చెయ్యి వేస్తుంది కదా, అలా డ్రైవరు చక్రం తిప్పితే నూనె ఒక చెయ్యి వేస్తుంది. ఆ నూనె రబ్బరు పైపులో పరుగెడుతుంది. మా బస్సులో ఆ పైపు ఇంజను పొగ గొట్టానికి బెత్తెడు దూరంలోనే ఉంది. ఇక్కడి ఎండకు ఇంజను వేడి తోడైతే నూనె పలచబడి మాడు వాసన వస్తుంది, పైపు పెళుసెక్కుతుంది. సాయం చేసే చెయ్యి జారిపోతుంది. చక్రం బిగుసుకుంటుంది.

ఇక అసలు సంగతి. బేబి పిన్ని చదివి వినిపిస్తుందంటే ఇది రాయగలిగేవాణ్ని కాదు. నువ్వే చదువుకుంటావు కాబట్టి రాస్తున్నాను.

జూలై చివర్లో మేస్త్రీ గారు సామాను కోసం మనామా వెళ్లిన రోజు భీమన్న బస్సు తెచ్చాడు.

“మద్యాన్నమైతే స్టీరింగ్ దున్నపోతు మెడలెక్క బిగుస్తుంది తమ్మీ. ఏమన్న చెయ్యరాదు?”

మేస్త్రీ గారు వచ్చేదాకా ఆగమనాలి. కానీ నాకూ పని తెలుసని చూపించుకోవాలనిపించింది. వేసవిలో నువ్వు కుండకు తడి గోనె చుట్టేదానివి, నీళ్లు చల్లగా ఉండేవి. అదే గుర్తొచ్చింది. గోనె పట్టా తడిపి, పైపు చుట్టూ చుట్టి, తీగతో బిగించాను.

“కాలదా?” అన్నాడు భీమన్న.

“తడి గుడ్డ ఎలా కాలుద్ది అన్నా?” అని నవ్వాను.

తడి ఆరిపోతుందని తట్టలేదమ్మా. కుండలోంచి నీళ్లు ఊరి గోనెను తడుపుతూ ఉంటాయి. పైపులోంచి ఊరింది నూనె. మూడో రోజు సిత్రా రోడ్డు మీద, ముప్ఫై మందితో వెళ్తుంటే ముందు మూత కింద నుంచి పొగ లేచింది. పైపు కాలి నూనె కారిపోయింది. బండరాయిలా మారిన చక్రాన్ని భీమన్న రెండు భుజాలతో లాగి బస్సును పక్కకు తెచ్చాడు. అందరినీ దింపి ఇసుక పోసి ఆర్పాడు. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను, ఆ భుజాలకు కూడా.

సూపర్‌వైజర్ గ్యారేజీకి వచ్చి, గోనె ఎవరు కట్టారని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. మసి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాను. భీమన్నే, “నేనే కట్టిన సార్” అన్నాడు. తాళం లాక్కుని అతన్ని సిమెంటు బస్తాలు మోసే పనిలో వేశారు. ఆ వారమే నీకు ‘ఇక్కడ అంతా బాగుంది’ అని రాశాను. ఆ మాట నోటుబుక్కులో రాసుకోలేకపోయాను.

పన్నెండు రోజులు ఓర్చుకున్నాను. మంగళవారం భీమన్న భుజం మీద చర్మం లేచిపోయి ఉండటం చూసి, మేస్త్రీ గారి దగ్గరికెళ్లి చెప్పేశాను. కొడతారనుకున్నాను.

“గోనె, నూనె, మండే గొట్టం, మూడూ ఒక్కచోట పెట్టేవంట్రా! తిరగమోత ఒక్కటే తక్కువయ్యింది” అన్నారు. తర్వాత నన్ను సూపర్‌వైజర్ దగ్గరికి తీసుకెళ్లి, నేను మొత్తం చెప్పేదాకా పక్కనే నిలబడి, “ఈడి పూచీ నాది” అన్నారు. మరొకరైతే నన్ను ఇంటికి పంపించేసేవారు. సూపర్‌వైజర్ ఒక్కటే అన్నాడు. “బస్సు సరిచెయ్యండి, శనివారం మొదటి ట్రిప్పు భీమన్న నడపాలి, నేను పక్కన కూర్చుంటాను, స్టీరింగ్ బిగుసుకుంటే తాళం ఇంకొకరికి.”

అందుకే ఇవాళ పని. అంతకుముందు భీమన్నను అడిగాను, ఎందుకలా చెప్పావని.

“నువ్వొచ్చి ఆర్నెల్లు గాలే. పంపిస్తే మీ అమ్మకు ఏం జెప్తవ్? నాకైతే బస్తాలు మోసుడు కొత్త గాదు.” నా కళ్లు చూసి మాట మార్చాడు. “ఇయ్యాల గూడ గోనె తెచ్చినవా?”

అప్పుడే వచ్చిన మేస్త్రీ గారితో కలిసి ముగ్గురం నవ్వాం. మేస్త్రీ గారు కొత్త పైపును పొగ గొట్టానికి దూరంగా తిప్పించి, కదలకుండా క్లిప్పులు వేయించారు. మధ్యలో అడ్డుగా రేకు వంచి బిగించే పని నాది. రేకును గొట్టానికి ఆనించబోతే చెయ్యి పట్టుకున్నారు. “ఆనిస్తే రేకే కాలి పైపుని కాల్చుద్ది. వేలు పట్టేంత సందు వదులు. ఆ సందులో గాలి ఆడాలి.” తర్వాత మాడిన నూనె తీసేసి కొత్తది పోశాం. మిట్టమధ్యాహ్నం గంటసేపు ఇంజను ఆపకుండా ఉంచి చూశాం. భీమన్న రెండు వేళ్లతో చక్రం తిప్పి, నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇంకా చురుక్కుమంటోంది, హాయిగా ఉంది.

నా మీద కోపం వస్తే దాచుకోకుండా రాయి. నీ అక్షరాలతోనే తిట్టు, దాచుకుంటాను.

రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటి ట్రిప్పు. ఎవరూ పిలవకపోయినా నేనూ ఎక్కుతాను. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి, మూత ఎత్తి, చేత్తో పైపు తడిమి చూస్తాను. స్టీరింగ్ బిగుసుకుంటే సూపర్‌వైజర్ భీమన్న వైపు చూడకముందే, రేకు బిగించింది నేనని నేనే చెబుతాను.

ఇట్లు,
నీ చిన్నోడు
నాగేంద్ర